చుట్టల వ్యాపారంలో మార్కా తగాదా: పేరు నిలబెట్టుకోవడం ఎలా, డూప్లికేట్ వస్తే ఏం చేయాలి

నరసన్నపేట సంతలోనైనా, విజయనగరం గంటస్తంభం దగ్గర బడ్డీ కొట్టులోనైనా చుట్టలు కొనేవాళ్లు లేబుల్ చదివి కొనరు. "నెమళ్ల మార్కా ఒక కట్ట", "ఆ ఎర్ర కాగితంది ఇవ్వు" అని అడుగుతారు. ఈ సంగతి డూప్లికేట్ కొట్టేవాడికి బాగా తెలుసు. అందుకే మీ పేరును అక్షరం అక్షరం దించడు. బొమ్మో, రంగో, అంకో, నోటితో పలికినప్పుడు వినిపించే తీరో, వీటిలో ఒకటి పట్టుకుంటే అతని పని అయిపోతుంది. మీ హక్కును కూడా మీరు ఆ నాలుగింటి చుట్టూనే కట్టుకోవాలి. దానికి ఆధారం తేదీ ఉన్న కాగితం. తగాదా మొదలయ్యాక పుట్టించిన కాగితం ఎందుకూ పనికిరాదు, కాబట్టి ఈ పనులు ఇప్పుడే మొదలుపెట్టండి.

చుట్టలు, సిగార్లు, చెరూట్లు, బీడీలు, సిగరెట్లు, అగ్గిపెట్టెలు అన్నీ ట్రేడ్‌మార్క్ రిజిస్టరులో 34వ తరగతి కిందికే వస్తాయి. కింద చెప్పేది చుట్టల గురించే అయినా బీడీ కంపెనీకీ చాలా మటుకు వర్తిస్తుంది. అర్థం కావడానికి "జోడు నెమళ్ళు" అనే పేరును ఉదాహరణగా తీసుకుందాం.

1. ముందు పేరు నిలబడుతుందో లేదో చూసుకోండి

సరుకు గుణాన్ని చెప్పే మాట ఎవరి సొత్తూ కాదు. "ఘాటు చుట్ట", "స్పెషల్", "నంబర్ వన్" లాంటివి ట్రేడ్‌మార్క్స్ చట్టం (1999) సెక్షన్ 9 దగ్గరే ఆగిపోతాయి. "లంక పొగాకు" కూడా అంతే. గోదావరి లంకల్లో పండిన ఆకు కొన్న ప్రతివాడూ ఆ మాట వాడుకోవచ్చు. "శ్రీకాకుళం చుట్ట", "బొబ్బిలి చుట్ట" అని ఊరి పేరు పెడితే అది సరుకు పుట్టిన చోటును చెబుతుందే తప్ప మీ కంపెనీని చెప్పదు.

దేవుడి పేరు పెట్టాలని మన జిల్లాల్లో చాలామందికి మనసు. పైడితల్లి అమ్మవారి పేరో, అరసవల్లి సూర్యనారాయణ స్వామి బొమ్మో వేస్తే కలిసొస్తుందని నమ్మకం. మార్కా లెక్కలో చూస్తే ఇది బలహీనమైన ఎంపిక. 'రామాయణ్' పేరు అగరబత్తీల మీద ఒక్కరి సొత్తు కాదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. పైగా పొగాకు మీద దేవుడి బొమ్మ వేస్తే మత మనోభావాలకు దెబ్బ అన్న అభ్యంతరం సెక్షన్ 9 కిందే రావచ్చు. నాయకుడి ఫొటోనో, సినిమా హీరో ఫొటోనో వేయాలంటే బతికున్నవారైతే వారి అనుమతి, చనిపోయి 20 ఏళ్లు దాటకపోతే వారసుల అనుమతి రిజిస్ట్రార్ అడుగుతారు.

ఆమదాలవలసలో చుట్టిన సిగార్ మీద "హవానా" అనో "క్యూబా" అనో వేయకండి. సరుకు ఎక్కడ పుట్టిందన్న విషయంలో కొనేవాణ్ణి తప్పుదారి పట్టించే గుర్తు రిజిస్టరు కాదు. వాడినందుకు విడిగా చిక్కు కూడా వస్తుంది.

అంకెలు పెట్టుకోవచ్చు. బీడీ వ్యాపారంలో చాలా మార్కాలు అంకెలే. కానీ దగ్గరి అంకె పెట్టి తప్పించుకోవచ్చని అనుకోవద్దు. 22 నంబరు బీడీకీ 122 నంబరు బీడీకీ మధ్య వచ్చిన దావాలో ఢిల్లీ హైకోర్టు 1995లో 122ను ఆపింది.

మరి ఏ పేరు మంచిది? పొగాకుతో ఏ సంబంధమూ లేనిది, రెండు మూడు ముక్కల్లో పలికేది, ఒకే బొమ్మతో కంటికి ఆనేది. పేరు పొట్టిగా ఉండాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొగాకు ప్యాకెట్ల మీద 2016 ఏప్రిల్ 1 నుంచి ముందు వెనక భాగాల్లో 85 శాతం ఆరోగ్య హెచ్చరికకే పోతుంది. ప్యాకెట్ ముఖం 10 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు అనుకోండి. మొత్తం 60 చదరపు సెంటీమీటర్లలో హెచ్చరికకు 51 పోగా మీకు మిగిలేది 9. అందులో రెండు నెమళ్లూ పడాలి, పేరూ పడాలి. పాతకాలం లేబుళ్ల మీద ఉన్న పూలతీగలు, పతకాలు, వంశవృక్షం ఇక సరిపోవు. హెచ్చరికను కోసి మార్కాను పెద్దది చేయాలన్న ఆలోచన అసలే వద్దు. ఆ హెచ్చరిక మనిషి ప్రాణం కోసం పెట్టింది. అది లేకుండా తయారుచేస్తే మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. పైగా రేపు మీరే కోర్టుకు వెళ్లినప్పుడు ఎదుటి లాయరు మొదట చూపించేది మీ ప్యాకెట్‌నే.

2. వెతకండి: రిజిస్టరులోనూ, సంతలోనూ

కేంద్ర ప్రభుత్వ ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉచితం. తరగతి దగ్గర 34 కొట్టి మూడు విధాలుగా వెతకాలి. మొదటిది మాట. మొదలయ్యేది కాకుండా "ఎక్కడైనా ఉన్నది" అనే వీలు ఎంచుకోండి, లేకపోతే "శ్రీ జోడు నెమళ్ళు" తప్పించుకుపోతుంది. రెండోది ఉచ్చారణ. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి నాలుగైదు స్పెల్లింగులు వేసి చూడాలి. మూడోది బొమ్మ. బొమ్మలను వియన్నా కోడ్ అనే అంకెలతో విడదీశారు. సూర్యుడు 1.3లో, పక్షులు 3.7లో దొరుకుతాయి.

చాలామంది మరిచిపోయేది అర్థం. ఇచ్ఛాపురం, పాతపట్నం దాటితే ఒడిశా. నెమలికి అక్కడి పేరు మయూర, హిందీలో మోర్. రిజిస్టరు దేశమంతటికీ ఒక్కటే కాబట్టి బరంపురంలో ఒడియా లిపిలో ఉన్న నెమలి కూడా మీకు అడ్డమే. భాష వేరైనంత మాత్రాన మార్కా వేరు కాదు.

దొరికిన ప్రతి మార్కాకూ ఎదురుగా ఉన్న స్థితి చూడండి. రిజిస్టర్డ్ అని ఉంటే జాగ్రత్త పడాలి. ఆబ్జెక్టెడ్, అపోజ్డ్ అంటే ఇంకా తేలలేదు. అబాండన్డ్ (వదిలేసింది), రిమూవ్డ్ (తీసేసింది) అని ఉన్నా ఊపిరి పీల్చుకోకండి. కాగితం చచ్చిపోయినా ఆ సరుకు సంతలో బతికే ఉండొచ్చు.

రిజిస్టరు కాని పాత మార్కాలు కంప్యూటరులో కనిపించవు. అందుకని శ్రీకాకుళం, పలాస, విజయనగరం, పర్లాకిమిడి హోల్‌సేల్ కొట్లు తిరిగి ఒక్కో మార్కా ఒక్కో కట్ట కొనండి. కొన్న తేదీ, ఊరు కట్ట మీద రాసి పెట్టెలో దాచండి. తర్వాత ఏ కోర్టులోనైనా "ఈ రంగు అందరూ వాడేదే" అనో, "ఇది మాకొక్కరికే ఉంది" అనో రుజువు చేయడానికి ఆ పెట్టె కావాలి.

3. వాడకం రుజువులు: అసలు బలం ఇక్కడే ఉంది

సర్టిఫికెట్ ఉన్నవాడిదే గెలుపు అనుకునేవాళ్లు ఎక్కువ. అది సగం నిజమే. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో సుప్రీంకోర్టు 2015లో స్పష్టంగా చెప్పింది: రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, అంతకన్నా ముందు నుంచి వాడుతున్నవాడి హక్కే పైచేయి. చట్టంలో సెక్షన్ 34 చెప్పేదీ ఇదే. అంటే మీ తాతగారు వాడిన మార్కాను పక్క జిల్లావాడు ముందు రిజిస్టరు చేయించుకున్నా దారి మూసుకుపోలేదు. కాకపోతే తాతగారు వాడారని చూపించాలి.

వేరే వ్యాపారాల వాళ్లు పేపరు ప్రకటనలు, టీవీ బిల్లులు చూపిస్తారు. పొగాకు వ్యాపారికి ఆ వీలు లేదు. 2004 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన కోట్పా (పొగాకు నియంత్రణ) చట్టం సెక్షన్ 5 పొగాకు ప్రకటనలను నిషేధించింది. కాబట్టి మనకు మిగిలేవి అమ్మకం కాగితాలే. ఏడాదికొక ఫైలు పెట్టి అందులో ఇవి ఉంచండి: వేర్వేరు ఊళ్ల డీలర్లకు ఇచ్చిన బిల్లులు మూడు నాలుగు, లారీ రవాణా రసీదు ఒకటి, ఆ ఏడు వాడిన లేబుల్ ఒకటి, ఆ లేబుల్ అచ్చు వేసిన ప్రెస్ బిల్లు, ఆడిటర్ సంతకంతో ఆ మార్కా మీద ఆ ఏడు అమ్మకాల మొత్తం.

బిల్లు రాసే తీరులో పెద్ద పొరపాటు జరుగుతోంది. "చుట్టలు, 50 కట్టలు" అని రాసిన బిల్లు మీరు చుట్టలు అమ్మారని మాత్రమే చెబుతుంది. జోడు నెమళ్ళు అమ్మారని చెప్పదు. సరుకు పేరు గడిలో "జోడు నెమళ్ళు చుట్టలు" అని పూర్తిగా రాయాలి. జీఎస్టీ బిల్లులో 2402 అనే సరుకు కోడ్ పక్కన కూడా అలాగే పడేట్టు సాఫ్ట్‌వేర్‌లో మార్పించండి. ఇది ఒక్కసారి అరగంట పని. పదేళ్ల తర్వాత కేసు నిలబడేది దీని మీదే. థర్మల్ కాగితం మీద వచ్చే బిల్లు రెండు మూడేళ్లకే తెల్లబడిపోతుంది, వెంటనే జిరాక్స్ తీసి స్కాన్ చేసి ఉంచండి.

పాత బిల్లులు లేవని కొత్తగా పాత తేదీతో కొట్టించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. 2012 తేదీ బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే అది దొంగ బిల్లని చెప్పడానికి లాయరు కూడా అక్కర్లేదు, జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న. అలాగే 2015 బిల్లు మీద "పార్వతీపురం మన్యం జిల్లా" అని ఉంటే? ఆ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఒక్క దొంగ కాగితం దొరికితే మీ నిజమైన వంద కాగితాలనూ కోర్టు అనుమానంగా చూస్తుంది.

4. దరఖాస్తు

మన రాష్ట్రానికి చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసు. ఫారం టీఎం-ఏ. ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి వ్యక్తికైనా, స్టార్టప్‌కైనా, చిన్న పరిశ్రమకైనా 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. సంస్థ పేరు మీద వేస్తూ తక్కువ ఫీజు కట్టాలంటే చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం సర్టిఫికెట్ జతచేయాలి. ఏజెంటు లేదా లాయరు ద్వారా వేస్తే వారికి అధికారం ఇచ్చే టీఎం-48 పత్రం మీద మీ సంతకం తీసుకుంటారు.

పేరుకు ఒక దరఖాస్తు, లేబుల్‌కు ఒక దరఖాస్తు వేయండి. లేబుల్ ఒక్కటే రిజిస్టరైతే సెక్షన్ 17 ప్రకారం హక్కు మొత్తం లేబుల్ మీదే ఉంటుంది, అందులోని ఒక్కో ముక్క మీద విడిగా ఉండదు. బొమ్మ 8 సెంటీమీటర్లకు 8 సెంటీమీటర్ల లోపు ఉండాలి. రంగు పట్టింపు లేకపోతే నలుపు తెలుపుల్లోనే వేయండి. అప్పుడు అన్ని రంగులకూ వర్తిస్తుంది. మీ సరుకు గుర్తింపే ఎర్ర కాగితం అయితే రంగుల లేబుల్ విడిగా వేయడం మేలు. తెలుగు లిపిలో ఉన్న పేరుకు ఇంగ్లీషు గానీ హిందీ గానీ లిప్యంతరీకరణ, అర్థం రాయాలి. అక్కడ స్పెల్లింగు తప్పు పడితే రేపు వెతికేవాడికి మీ మార్కా కనపడదు, వాడు నిశ్చింతగా అదే పేరు పెట్టేస్తాడు.

వాడకం తేదీ గడి దగ్గర ఆగి ఆలోచించండి. "వాడబోతున్నాం" అని తొందరలో టిక్ పెట్టేస్తే 30 ఏళ్ల వాడకం ఆ ఒక్క గీతతో గాలికి పోతుంది. తర్వాత మార్పించడం చాలా కష్టం. పాత తేదీ వేస్తే అఫిడవిట్, దానితో పాటు పైన చెప్పిన ఫైలులోని కాగితాలు జతచేయాలి. కాగితం ఎంత వెనక్కి చూపించగలదో అంతే తేదీ వేయండి.

సరుకు వివరణలో ఆశపడి "అన్ని రకాల పొగాకు ఉత్పత్తులు" అని రాయకండి. హైదరాబాద్ వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీకి చార్మినార్ పేరు మొత్తం తయారీ పొగాకు మీద రిజిస్టరై ఉండేది. వాళ్లు చేసింది సిగరెట్లే. జర్దా, కివామ్ (నమిలే పొగాకు రకాలు) చేసే విష్ణుదాస్ అదే పేరు కోసం వస్తే తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో కోర్టు వజీర్ సుల్తాన్ రిజిస్ట్రేషన్‌ను సిగరెట్లకే కుదించడాన్ని సమర్థించింది. ఒక తరగతిలో ఒక సరుకు చేస్తున్నంత మాత్రాన తరగతి అంతా మీది కాదు. చుట్టలు చేస్తే చుట్టలు, సిగార్లు అని రాయండి. బీడీలు నిజంగా మొదలుపెట్టే ఉద్దేశం ఉంటేనే బీడీలు చేర్చండి. రిజిస్టరైన తర్వాత అయిదేళ్లకు మించి వాడకుండా వదిలేసిన సరుకు మీద హక్కును సెక్షన్ 47 కింద ఎవరైనా తీసేయించవచ్చు.

దరఖాస్తు మీద రిజిస్ట్రీ అభ్యంతరాలు చెప్పే పరీక్ష నివేదిక వచ్చాక జవాబుకు 30 రోజులే గడువు. ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే పోతున్నాయి. నివేదిక ఏజెంటు ఈమెయిలుకు వస్తుంది, ఆయన చూడడు, మీకు తెలియదు. అందుకని నెలకోసారి అప్లికేషన్ నంబరు కొట్టి స్థితి మీరే చూసుకోండి. దరఖాస్తు వేసిన రోజు నుంచే టీఎం అన్న గుర్తు వేసుకోవచ్చు. వలయంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్టరయ్యాకే వేయాలి, ముందే వేస్తే జరిమానా పడుతుంది.

5. ప్రెస్సు, లేబుళ్ల లెక్క

డూప్లికేట్ సరుకుకు కావలసిన లేబుల్ ఎక్కడ నుంచి వస్తుంది? చాలాసార్లు మీరు అచ్చు వేయించిన ప్రెస్ నుంచే, లేదా మీ సరుకు ఇళ్ల దగ్గర చుట్టి కట్టే కాంట్రాక్టరు దగ్గర మిగిలిపోయిన లేబుళ్ల నుంచే వస్తుంది. ఈ రెండు కన్నాలూ మూస్తే సగం బెడద పోతుంది.

ప్రెస్‌కు ఆర్డరు నోటిమాటగా ఇవ్వొద్దు. ఎన్ని లేబుళ్లు, ప్లేటు ఎవరిది, పాడైన షీట్లు ఏం చేయాలి, డిజైన్ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి కాగితం మీద ఉండాలి. పని అయ్యాక ప్లేటూ ఫైలూ మీరు తెచ్చుకోండి. లేబుళ్ల పుస్తకం ఒకటి పెట్టి తేదీ, వచ్చినవి, కాంట్రాక్టరుకు ఇచ్చినవి, కట్టలుగా తిరిగొచ్చినవి, చిరిగినవి అని అయిదు గడులు గీయండి. పదివేలు ఇస్తే తొమ్మిదివేల ఏడొందల కట్టలు వచ్చాయనుకోండి. మిగిలిన మూడొందలకు చిరిగిన కాగితాలు చూపించమని ఆ వారమే అడగాలి. నెల దాటాక అడిగితే ఎలుకలు కొట్టేశాయంటారు.

బొమ్మ గీసింది మీరు కాదు, ఆర్టిస్టో ప్రెస్సో. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోకపోతే కాపీరైటు వాళ్లదేనన్న వాదన రేపు ఎదురుకావచ్చు. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కేస్తుంది. కాబట్టి "కాపీరైటు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా" అని స్పష్టంగా రాయించి సంతకం తీసుకోండి. లేబుల్‌ను కాపీరైటు ఆఫీసులో రిజిస్టరు చేయించాలంటే ఫీజు 2,000 రూపాయలు. దానికి ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ నుంచి అలాంటి మార్కా లేదన్న సర్టిఫికెట్ కావాలి.

6. సోమవారం జర్నల్

రిజిస్టరు కాబోయే మార్కాలను ప్రకటించే ట్రేడ్‌మార్క్స్ జర్నల్ ప్రతి సోమవారం వెబ్‌సైట్‌లో వస్తుంది. 34వ తరగతి పేజీలు తిరగేయడానికి పది నిమిషాలు చాలు. మీ నెమళ్లకు దగ్గరగా ఏదైనా కనిపిస్తే ప్రచురించిన రోజు నుంచి నాలుగు నెలల్లో టీఎం-ఓ అనే అభ్యంతర ఫారం వేయాలి. ఆన్‌లైన్ ఫీజు తరగతికి 2,700. ఒక్కరోజు ఆలస్యమైనా తీసుకోరు. మీ మార్కా మీద ఎవరైనా అభ్యంతరం వేస్తే దాని కాపీ అందిన రెండు నెలల్లో ప్రతివాదన దాఖలు చేయాలి. చేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క.

7. డూప్లికేట్ కనపడిన వారం

మొదట అది ఏ రకమో తేల్చండి. మీ లేబులే దింపేసిందా, లేక "జంట నెమళ్ళు" అంటూ పోలిక తెచ్చిందా? దారులు వేరు.

పోలికను రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూడకండి. కొనేవాడు అలా చూడడు. సగటు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మనిషి దృష్టితో చూడాలని అమృతధార, లక్ష్మణధార కేసులో 1962లో సుప్రీంకోర్టు చెప్పింది. 1972లో పార్లే బిస్కట్ రేపర్ల కేసులో కూడా, పక్కపక్కన పెట్టి తేడాలు ఏరడం కాదు, మొత్తం మీద ఒకటి చూసినవాడు రెండోదాన్ని అదే అనుకుంటాడా అన్నదే ప్రశ్న అంది. మీరు ఇలా పరీక్షించండి: మార్కాతో సంబంధం లేని మనిషికి మీ కట్టను నాలుగు సెకన్లు చూపించి లోపల పెట్టేయండి. ఒక గంట పోయాక రెండోది ఇచ్చి ఇదేం మార్కా అని అడగండి. తర్వాత రెండు పేర్లూ ఫోన్‌లో చెప్పించి వినండి. రణగొణ ధ్వనిలో, సంతలో అరిచి అడిగినట్టు.

ఆ తర్వాత కొనుగోలు. కనీసం మూడు ఊళ్లలో మూడేసి కట్టలు కొనాలి. బడ్డీ కొట్టువాడు బిల్లు ఇవ్వడు, ఫోన్‌పే లాంటి వాటితో చెల్లించి ఆ స్క్రీన్‌షాట్ ఉంచండి. కొట్టు ఫొటో, కట్ట ఫొటో, కొన్న మనిషి పేరు, టైము రాసి ఒక కవరులో వేసి అంటించి మీద ఇద్దరి సంతకాలు. కట్టను విప్పకండి. లోపలి దారం కట్టిన తీరు, గమ్ రంగు కూడా సాక్ష్యమే. చిల్లర కొట్టు వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. రేపు మీ సరుకు అమ్మాల్సింది వాళ్లే. సరుకు ఎవరు దించారో అడిగి హోల్‌సేల్ దగ్గరకు, అక్కడి నుంచి తయారీదారు దగ్గరకు వెళ్లండి.

లేబుల్ యథాతథంగా దింపేస్తే సెక్షన్ 103, 104 కింద క్రిమినల్ కేసు. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి రెండు లక్షల జరిమానా. అయితే వారంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కావాలి, అంతకుముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. స్థానిక ఎస్సై వెంటనే వెళ్లలేదని ఆయన మీద కోపం తెచ్చుకోకండి. సర్టిఫికెట్, సీలు వేసిన కవర్లు, పోలికల పట్టిక ఒక ఫైలుగా పెట్టి డీఎస్పీ ఆఫీసులో నేరుగా ఇవ్వండి.

8. నోటీసు, మధ్యవర్తిత్వం, కోర్టు

పోలిక సరుకైతే సివిల్ దారి. నోటీసులో మీ రిజిస్ట్రేషన్ నంబరు, వాడకం తేదీ, ఎదుటివాడి సరుకు ఎక్కడ ఎప్పుడు కొన్నారు, ఏ ఏ అంశాల్లో పోలిక, ఏం మానాలి, ఎన్ని రోజుల్లో అన్నవి ఉండాలి. పదిహేను రోజులు మామూలు గడువు. రిజిస్ట్రేషన్ లేకుండా ఉత్తి బెదిరింపు నోటీసు పంపితే సెక్షన్ 142 కింద ఎదుటివాడే మీ మీద దావా వేయవచ్చు. సరుకు దాచేస్తాడని గట్టి అనుమానం ఉంటే నోటీసు ఇవ్వకుండా నేరుగా కోర్టుకు వెళ్లడమే మంచిది.

రిజిస్టరైన మార్కా అయితే ఉల్లంఘన దావా, మీరు వ్యాపారం చేసే చోటే వేసే వీలు సెక్షన్ 134 ఇస్తుంది. రిజిస్టరు కాకపోతే పాసింగ్ ఆఫ్ దావా, అంటే తన సరుకును మీదిగా చలామణి చేస్తున్నాడన్న దావా. మీ పేరుకు మంచి పేరుంది, ఎదుటివాడు కొనేవాణ్ణి భ్రమపెట్టాడు, మీకు నష్టం అన్న మూడూ రుజువు చేయాలి, సాధారణంగా అతని చోటనో డూప్లికేట్ అమ్మిన చోటనో వేయాలి. రిజిస్ట్రేషన్‌కు పెట్టే 4,500 ఇక్కడే తిరిగొస్తుంది.

మూడు లక్షలకు తగ్గని మార్కా తగాదా వాణిజ్య వివాదం. విశాఖపట్నంలో వాణిజ్య వివాదాల ప్రత్యేక కోర్టు ఉంది. మీ కేసు ఏ కోర్టు పరిధో లాయరు చేత ముందే తేల్చుకోండి. అత్యవసర ఉపశమనం అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. డూప్లికేట్ సరుకు రోజూ అమ్ముడవుతుంటే తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే ఉత్తర్వు) అడుగుతారు కాబట్టి ఆ మెట్టు దాటవచ్చు. గోదాములో సరుకు లెక్క తీయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు నియమించే లాయరును) కూడా అదే రోజు అడగాలి. ఎదుటివాడు లేకుండా ఇంజంక్షన్ వచ్చిందా, ఆ రోజో మర్నాడో కాగితాలన్నీ అతనికి పంపి రసీదు కోర్టులో వేయాలి. ఇది మరిచిపోతే వచ్చిన ఉత్తర్వు చేజారవచ్చు. తెలిసి కూడా అయిదేళ్లు ఊరుకుంటే, ఎదుటివాడిది రిజిస్టరైన మార్కా అయితే సెక్షన్ 33 మీకు అడ్డం పడుతుంది. "చిన్నవాడే కదా, పోనీలే" అన్న మాట ఈ వ్యాపారంలో ఖరీదైనది.

9. నోటీసు మీకే వస్తే

భయపడి లేబుళ్లు తగలబెట్టకండి. పాత లేబుళ్లే మీకు రక్షణ. ఎదుటివారి నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ బతికుందా, ఏ సరుకు మీద ఉంది, ఏ మాట మీద హక్కు లేదని షరతు ఉంది అన్నవి చూడండి. వారి వాడకం తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా మీ మొదటి బిల్లు ఇంకా ముందుదా అన్నది లెక్కవేయండి. ముందుదైతే సెక్షన్ 34 మీ వైపు. గడువులోగా లాయరు ద్వారా జవాబు ఇవ్వండి. దావా సమన్లు అందితే వాణిజ్య కోర్టులో జవాబుకు 30 రోజులు, ఎంత బతిమాలినా 120 రోజులు. ఆ తర్వాత మీ వాదన కాగితం మీదికే రాదు. మీది నిజంగానే దగ్గరి పోలిక అనిపిస్తే మొండితనం వద్దు. ఉన్న సరుకు అమ్ముకోవడానికి రెండు మూడు నెలలు అడిగి, కొత్త పేరుకు మారడం చవక.

10. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు

బయటివాడి డూప్లికేట్ కన్నా ఎక్కువ మార్కాలు ఇంట్లోనే చీలిపోతాయి. క్యూబాలో 1960లో ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకుంది. దేశం విడిచిన కుటుంబాలు పేర్లు తమవేనంటూ బయట అవే మార్కాలతో సిగార్లు చేశాయి. అందుకే ఈనాటికీ పార్టగాస్, రోమియో ఇ జూలియెటా పేర్లతో క్యూబా సిగార్ ఒకటి, డొమినికన్ రిపబ్లిక్ సిగార్ ఒకటి ఉన్నాయి. కోహిబా పేరు మీద అమెరికాలో 1997లో మొదలైన తగాదాలో 2022లో గానీ అక్కడి ట్రేడ్‌మార్క్ బోర్డు అమెరికా కంపెనీ రిజిస్ట్రేషన్లను రద్దు చేయలేదు. అవి వేర్వేరు దేశాలు కాబట్టి ఒకే పేరు ఇద్దరి దగ్గర నిలిచింది. మన దగ్గర అలా కుదరదు.

"శ్రీకాకుళం జిల్లా నీది, విజయనగరం నాది, మార్కా ఇద్దరిదీ" అని పెద్దమనుషుల ముందు రాసుకునే కాగితం చూడడానికి న్యాయంగా ఉంటుంది. రిజిస్ట్రార్ ఆమోదం లేకుండా దేశంలో ప్రాంతాలవారీగా ఒకే మార్కాను విడదీసి ఇవ్వడాన్ని సెక్షన్ 41 ఒప్పుకోదు. ఒకే రకం సరుకు మీద ఇద్దరికి విడివిడి హక్కులు పుట్టించడాన్ని సెక్షన్ 40 అడ్డుకుంటుంది. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ భాగస్వాములు విడిపోయినప్పుడు సంస్థను ట్రేడ్‌మార్క్‌లతో సహా వేలంలో పాడుకున్నారు. ఎక్కువ పాడినవారికి పేరు, మిగతావారికి డబ్బు. మార్కా ఒకే చేతిలో ఉండాలంటే ఇంతకన్నా శుభ్రమైన దారి లేదు.

పంపకం పత్రంలో ఇవి విడివిడిగా రాయించండి: ఏ ఏ రిజిస్ట్రేషన్ నంబర్లు ఎవరికి, లేబుల్ కాపీరైటు ఎవరికి, ప్లేట్లూ డిజైన్ ఫైళ్లూ ఎవరు అప్పగించాలి, విడిపోయినవాడు ఇంటిపేరు వాడుకుంటే ఏ సైజులో, ఏ బొమ్మ లేకుండా వాడాలి, ఉన్న సరుకు ఏ తేదీలోగా అమ్ముకోవాలి, పాత బిల్లుల ఫైళ్ల నకళ్లు ఇద్దరికీ. ఇంటిపేరు సంగతి రాయకపోతే సెక్షన్ 35 పట్టుకుని వస్తాడు, ఎందుకంటే సొంత పేరును నిజాయితీగా వాడుకునే హక్కు ఎవరికైనా ఉంది. పత్రం మీద స్టాంపు డ్యూటీ కట్టి, ఫారం టీఎం-పీ వేసి రిజిస్టరులో పేరు మార్పించండి. పత్రం బీరువాలో ఉండి రిజిస్టరులో మాత్రం పోయిన నాన్నగారి పేరే ఉంటే, పదేళ్లకోసారి వచ్చే రెన్యువల్ నోటీసు ఎవరికీ అందదు. గడువు దాటాక ఆరు నెలల వరకు అదనపు ఫీజుతో కట్టవచ్చు. అదీ దాటితే గడువు ముగిసిన ఏడాది లోపు పునరుద్ధరణ అడగాలి.